ఒక్క మైకు ముందు

22 సెప్టెంబర్ 2011, గురువారం

పొద్దున జడ వేసుకుంటుంటే గోడ మీద అద్దం కదలడం లేదని గమనించాను. సిరిసిల్లకు వచ్చి ఈ ఇంట్లో దిగిన రెండేళ్లలో అది కదలకుండా ఉండగా చూడలేదు. చుట్టూ మరమగ్గాలు. అవి నడిచినంతసేపూ గోడ సన్నగా వణుకుతుంది, అద్దమూ, అద్దంలో నేనూ. ప్రత్యేక రాష్ట్రం కోసం జరుగుతున్న సమ్మెకు గనులు ఆగాయి, కరెంటు ఆగింది, మగ్గాలు ఆగాయి. కదలని అద్దంలో నా ముఖం ఉన్నదున్నట్టు ఉంది. త్వరగా జడ ముగించాను.

నాన్న వాకిట్లో కూర్చుని ఉన్నాడు. "సప్పుడే లేదు సూడు బిడ్డా. సర్చిల కూసున్నట్టున్నది" అన్నాడు.

స్కూలు లేదు. మా ఏడో తరగతి పిల్లలు రోడ్డు మీద సమ్మె వంటావార్పు దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్నారు. నన్ను చూసి కత్తులు వెనక దాచుకున్నారు.

మొన్న ఆదివారం జగిత్యాలలో మా బృందం ధూంధాం, ఉద్యమ పాటల సభ. సాయంత్రం బస్సులో తిరిగి వచ్చాం. మర్నాటి నుంచి బస్సులు బంద్. అంటే మేము వచ్చింది చివరి బస్సు.

మా పాటగాడు వేణు ఇంతవరకు ఏమీ అనలేదు.

అనాల్సింది ఏమీ లేదు కూడా.

24 సెప్టెంబర్, శనివారం

నేత సంఘం పాత గోదాములో రిహార్సల్. ప్రేమ్‌సాగర్ అని ఎల్లారెడ్డిపేట అబ్బాయి గిటారు తెచ్చాడు. ఎలక్ట్రిక్‌ది, ఎర్రది. కీబోర్డు, డ్రమ్ ప్యాడ్, మనిషంత ఎత్తున్న సౌండు పెట్టెలు రెండు. యూనివర్సిటీ సభల్లో వాయించేవాడట. హాస్టళ్లు మూసేస్తే వచ్చేశాడు.

డప్పు ఎర్రయ్య గిటారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"దీనికి కరెంటు లేకుంటే ఏమైతది?"

"కట్టె అయితది కాకా."

"మరి నా డప్పుకు సుత ప్లగ్గు వెడ్తవా తమ్మీ?"

"వెడ్త. నువ్వు కోరుట్లల కొడితే మెట్‌పల్లిల ఇనవడాలె."

"మెట్‌పల్లోళ్లు ఏం పాపం జేసిన్రు?"

అందరూ నవ్వారు. అందరూ నవ్వాక వేణు నవ్వాడు. ఎప్పుడూ అంతే, ఒక క్షణం ఆలస్యంగా. అది ఆయన మర్యాద.

ప్రేమ్‌సాగర్ వాయించాడు. నేల అదిరింది. వేణు చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో పెట్టె పక్కన నిలబడి, "ఇంక వెంచు" అన్నాడు. "ఇంక వెంచు తమ్మీ." గుడిలోకి వచ్చినవాడిలా ఉన్నాడు.

ఇక మీదట ఎవరి మైకు వాళ్లదే. నాకు స్టేజీకి ఎడమ చివర, డ్రమ్ ప్యాడ్ అవతల చోటిచ్చారు. "నువ్వు గా దిక్కుండు శ్రీలతా. గీడ వైర్లు కాళ్లకు తట్టుకుంటయ్" అన్నాడు వేణు, వైర్లు సర్దుతూ, తల ఎత్తకుండా.

"ఎక్కడైతే ఏంది, నాకొకటే" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు.

25 సెప్టెంబర్, ఆదివారం

ప్రార్థనలో కూడా చెవుల్లో గిటారే. బైబిల్లో పేజీ తప్పింది.

26 సెప్టెంబర్, సోమవారం

ఒక్క మైకు ఉన్న రోజులు రాసిపెట్టుకోవాలి. ఆ పెట్టెలకు అలవాటు పడితే ఇది ఎలా ఉండేదో నాకే నమ్మకం ఉండదు.

మైకు మధ్యలో. అందరం దాని చుట్టూ. ఎవరి వంతు వస్తే వాళ్లు ముందుకు, మిగతావాళ్లు అరడుగు వెనక్కి. ఎర్రయ్య అందరికన్నా వెనక, డప్పుకు మైకు అక్కర్లేదు కాబట్టి. వేణు పాడతాడు. చరణం అయ్యాక నా బెంజో రావాలి. బెంజోను మామూలుగా బల్ల మీద పెట్టి వాయిస్తారు. నాన్న పెళ్లి మేళాల్లోనూ, చర్చిలోనూ అలాగే వాయించేవాడు. నాకిచ్చేటప్పుడు పాత సంచి పట్టీ కుట్టి మెడకు తగిలించుకునేలా చేశాడు. ఎడమ చేత్తో మీటలు నొక్కుతూ, కుడి చేత్తో తీగలు మీటుతూ మైకు దాకా వెళ్తాను. వేణు పక్కకు తప్పుకోడు. తల వంచుతాడు. ఆయన చెవి నా వేళ్లకు జానెడు దూరంలో ఉంటుంది. కళ్లు మూసుకుంటాడు. నేను వాయించిందంతా విని, ఆ శ్రుతి పట్టుకుని, తల ఎత్తి తర్వాతి చరణం అందుకుంటాడు. ఆ కాసేపు ఆయన చొక్కా నుంచి నూలు వాసన, గంజి వాసన.

మొదటి రోజే నా చోటు ఆయన చూపించాడు. "నువ్వు గీ దిక్కు నిలవడు" అని తన కుడి పక్క చూపించాడు. అప్పటినుంచి ఏ ఊళ్లో అయినా ఆ చోటు నాది. ఒకసారి ఎవరో కుర్రాడు తాళాలు పట్టుకుని అక్కడ నిలబడితే, "అది శ్రీలత జాగ" అని లేపాడు. ఈ మాట ఇంతకుముందు కూడా ఎక్కడో రాసుకున్నాను.

బృందంలో అందరూ ఆయన్ని వేణన్న అంటారు, ఆయనకన్నా పెద్దవాళ్లు కూడా. నేను ఏమీ అనను. పిలవాల్సి వస్తే ఎదురుగా వెళ్లి నిలబడతాను.

జగిత్యాల హాస్టల్లో చదువుకునేటప్పుడు సిస్టర్లు మాకు తలుపు చప్పుడు కాకుండా వేయడం, కుర్చీ చప్పుడు కాకుండా జరపడం నేర్పారు. మాట కూడా అలాగే అయిపోయింది. క్లాసులో పిల్లలు "మేడం, గట్టిగ" అంటారు. వేణు ఎప్పుడూ అనలేదు. నేను మాట్లాడితే చేతిలో పని ఆపి ముఖంలోకి చూస్తాడు, మాట అయిపోయేదాకా చూస్తాడు. నా వైపు ఇంకెవరూ అలా చూడలేదు.

ఇదంతా బెంజో గురించి మొదలుపెట్టాను.

29 సెప్టెంబర్, గురువారం

కొత్త పాటల కాగితాలు ఇవ్వడానికి వేణు ఇంటికి వెళ్లాను. ప్రేమ్‌సాగర్‌తో పంపవచ్చు. నేనే వెళ్లాను.

నేను గడప ఎక్కేసరికి కరెంటు వచ్చింది. షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారి లేచాయి. రెండు గంటలే ఉంటుందని అందరూ పరుగులు. వేణు ఆ చివర మగ్గం మీద వంగి తెగిన పోగు కలుపుతున్నాడు. వాళ్లమ్మ సత్యవ్వ ఈ చివర నూలు కండెలు చుడుతోంది. ఆమె తల ఎత్తి, గొంతు పెంచకుండా, పెదవులు మాత్రం కదిపింది. షెడ్డు అవతల నుంచి వేణు పెదవులతోనే జవాబిచ్చాడు. మధ్యలో ఉన్న ఇంకొకతను వాళ్ల మాట అందుకుని నవ్వాడు. ఆ రొదలో వాళ్లు ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నంత తేలిగ్గా మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క అందలేదు. ఆ షెడ్డు మొత్తంలో నేను ఒక్కదాన్నే చెవిటిదాన్ని.

సత్యవ్వ నన్ను లోపలికి తీసుకెళ్లి చాయ్ పోసింది. "బాగున్నరా అత్తమ్మా" అన్నాను. ఎందుకో ఆ వరస వచ్చింది. సిరిసిల్లలో ఎవరినైనా అత్తమ్మ అనవచ్చు.

"ఆఁ?"

మళ్లీ అన్నాను.

"గట్ల గొంతులనే మాట్లాడితె ఎట్ల టీచరమ్మా? మా ఇంట్ల ఉప్పడిగినా మొత్తుకోవాలె" అని నవ్వింది.

కండెల పాట ఆమెను చూసే వేణు కట్టాడు. మా బృందానికి పేరొచ్చింది దానితోనే.

కండె సుట్టే సేతులల్ల కాలమెంత సుట్టెనో
అవ్వ, నువ్వు నేసే సీరె ఎవ్వల ఒంటి సుట్టమో

ఆ రెండు పాదాల తర్వాత బెంజో ఒక్కటే వస్తుంది. జనం కూడా ఊరుకుంటారు అక్కడ.

చాయ్ గ్లాసు నేనే కడిగి బోర్లించాను. ఎవరూ కడగమనలేదు. వద్దనీ అనలేదు.

వచ్చేటప్పుడు వేణు వాకిలి దాకా వచ్చాడు. ఇప్పుడు అంటాడేమో అనుకున్నాను. "కోరుట్ల తొమ్మిదో తారీఖు ఖాయమైంది. డీసీఎం వ్యాను దొరికింది" అన్నాడు. ముఖంలోకే చూస్తూ అన్నాడు. ఎలా చూడగలిగాడో.

1 అక్టోబర్, శనివారం

జగిత్యాల నుంచి సిస్టర్ ఫోన్. హాస్టల్లో వార్డెన్ కావాలి, ఇంగ్లీషు కూడా చెప్పాలి. ఉండటానికి గది ఇస్తారు. నాన్నకు వాచ్‌మన్ గది. దసరా సెలవులయ్యేలోపు మాట చెప్పమన్నారు. ఆ గది నాకు తెలుసు. కిటికీ నుంచి ఖిల్లా గోడ కనిపిస్తుంది. చాలా నిశ్శబ్దంగా ఉంటుంది.

ప్రేమ్‌సాగర్ వచ్చాడు. "అక్కా, నీ బెంజోకు పికప్ మైకు పెడ్త. చిన్న బొక్క, గంతే. నా గిటారు లెక్క మోగుతది" అన్నాడు. మంచి పిల్లవాడు. నాకు కోపం రావడం లేదు అతని మీద. వస్తే బాగుండేది.

"వద్దు. అది నాన్నది. బొక్క పెట్టనియ్యడు" అన్నాను.

అతను వెళ్లాక నాన్న మంచం మీద నుంచి అన్నాడు: "నన్నడుగనే లేదు గదనే."

"నీకు బాధ అనిపించదా?"

"బెంజోను ఇనవడుటానికే జేస్తరు బిడ్డా. పెట్టించుకుంటే ఏంది?"

నేను బెంజోకు గుడ్డ కప్పాను.

3 అక్టోబర్

వేణు ఇంకా ఏమీ అనలేదు.

4 అక్టోబర్, మంగళవారం

సద్దుల బతుకమ్మ. మేము పేర్చం, కానీ వీధి చివర నిలబడి చూశాను. ఈసారి బతుకమ్మ చుట్టూ కూడా సౌండు పెట్టెలే. ఆడవాళ్ల చప్పట్లు వినిపించలేదు, చేతులు కలవడం మాత్రం కనిపించింది. సత్యవ్వ ఆ పెట్టె పక్కనే, హాయిగా, అందరితో సమంగా అడుగు వేస్తోంది.

7 అక్టోబర్, శుక్రవారం

కండెల పాటలో నా వంతు తీసేశారు. అక్కడ గిటారు వస్తుంది.

ప్రేమ్‌సాగర్ అన్నాడు: "పోరగాండ్లు ఆడ చల్లవడుతున్నరు అన్నా. గా జాగల లేపాలె."

వేణు నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "కోరుట్లల ఒక్కసారి గట్ల చేసి సూద్దాం శ్రీలతా. నువ్వేమంటవు?"

ముఖంలోకి చూశాడు. నా మాట కోసం ఆగాడు. అందరూ ఆగారు.

"మీ ఇష్టం" అన్నాను.

"నీ ఇష్టం అడుగుతున్న."

నా ఇష్టం ఆయనకు తెలుసు. తెలిసీ అందరి ముందు అలా అడగడం ఆయనకు తగదు. "మంచిగనే ఉంటది" అన్నాను.

కోరుట్ల అయ్యాక సిస్టర్‌కు వస్తానని చెప్పేస్తాను. ఇది బెంజో వల్ల తీసుకున్న నిర్ణయం. బెంజో శబ్దం చిన్నది. పెద్ద శబ్దాల మధ్య చిన్న శబ్దానికి చోటుండదు. ఎవరి తప్పూ లేదు.

10 అక్టోబర్, సోమవారం

నిన్న కోరుట్ల.

డీసీఎం వ్యాన్‌లో పెట్టెల మధ్య కూర్చుని వెళ్లాం. వేములవాడ, చందుర్తి, రుద్రంగి. ప్రతి ఊరి దగ్గరా రోడ్డు మీద మొద్దులు అడ్డం. మా బృందం పేరు చూసి కుర్రాళ్లు తీసేవాళ్లు, తీసేముందు ఒక పాట అడిగేవాళ్లు. చందుర్తిలో నాన్న పుట్టిన వాడ రోడ్డు నుంచి కనిపించదని తెలిసీ అటే చూశాను.

మార్కెట్ దగ్గర స్టేజీ. చీకటి పడకముందే జనం నిండిపోయారు. జనరేటరు పెట్టారు. నేను ఎడమ చివర నా మైకు ముందు. వేణు మధ్యలో, వట్టి కాళ్లతో, పెట్టెను ఆనుకున్నంత దగ్గరగా.

నిజం రాయాలి. బాగుంది. మొదటి పాటకే గిటారు నా పక్కటెముకల్లోకి వచ్చింది. ఎర్రయ్య డప్పు కింద డ్రమ్ ప్యాడ్ పడి రెండూ కలిసి నడుస్తుంటే కుర్రాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కారు. వేణు గొంతు ఎప్పుడూ అంత ధైర్యంగా లేదు. నా వేళ్లు కదులుతున్నాయి. నేను ఏం వాయిస్తున్నానో నాకే వినిపించలేదు. జగిత్యాలలో ఆ కిటికీ గురించి ఆలోచిస్తూ వాయించాను.

నాలుగో పాట తర్వాత జనరేటరు ఆగిపోయింది.

గోల. ఈలలు. ప్రేమ్‌సాగర్ తీగలు మీటాడు, దోమ చప్పుడంత వచ్చింది. "కట్టె అయింది కాకా" అన్నాడు. ఎర్రయ్య అప్పటికే పేపర్లకు నిప్పంటించి డప్పు కాచుకుంటున్నాడు.

వేణు ముందుకు వచ్చి, "మైకు లేకుంటే మనకు గొంతు లేదా?" అని అరిచాడు. కండెల పాట అందుకున్నాడు. రెండు పాదాలు పాడి ఆగాడు, పాత అలవాటున.

నా వంతు. ఎవరూ తీసేయలేని నా వంతు. రెండడుగులు ముందుకు వేసి, ఆయన ఎడమ పక్కన నిలబడి వాయించాను. జనం ఊరుకున్నారు. ముందు వరుసలో ఒక ముసలాయన చెవి మీద చేయి పెట్టుకుని వింటున్నాడు. వేణు అటే చూస్తూ నిలబడ్డాడు. తల వంచలేదు.

తర్వాతి చరణం ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు. ఎక్కడో పైన ఎత్తుకున్నాడు, నేను వాయించినదానికి సంబంధమే లేదు. గట్టిగా మీటాను. ఇంకా గట్టిగా. పక్కన ఒక మనిషి ఉన్నట్టే లేదు ఆయనకు. నన్ను ఇలా కూడా శిక్షించాలా అనుకున్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఎర్రయ్య డప్పు కొడుతూనే నా వైపు చూసి గడ్డం ఎగరేశాడు. అటు పో. నాకు అర్థం కాలేదు. మళ్లీ ఎగరేశాడు. ఆ దిక్కుకు పో.

అన్ని వేలమంది ముందు స్టేజీ దాటాను. ఎప్పుడూ అలా నడవలేదు. వేణు వెనక నుంచి వెళ్లి కుడి పక్క, నా జాగలో, నిలబడి మళ్లీ మొదటి నుంచి వాయించాను.

ఆయన తల తిరిగింది. వంగింది. చెవి నా వేళ్లకు జానెడు దూరంలోకి వచ్చింది. కళ్లు మూసుకున్నాడు. వింటూ వింటూ గొంతు దించుకున్నాడు. బండి చక్రం బాట గాడిలో పడ్డట్టు పడింది శ్రుతి.

చరణం సగంలో జనరేటరు వచ్చింది. ప్రేమ్‌సాగర్ గిటారు లేపుతాడనుకున్నాను. లేపలేదు. బెంజో వాయించిన స్వరాలే కింద మెల్లగా మీటుతూ వచ్చాడు. ఆ తర్వాత లేపాడు, ఆ తర్వాత నేను ఎవరికీ వినిపించలేదు. కానీ అక్కడి నుంచి కదలలేదు. వైర్లు కాళ్లకు తట్టుకోలేదు.

తిరుగు దారిలో వేణు ముందు డ్రైవర్ పక్కన. నేను ఎర్రయ్య పక్కన. అడిగాను.

"అటు పొమ్మన్నవు. ఎందుకు?"

"ఎడమ చెవి లేదుగద పిల్లనికి" అన్నాడు, బీడీ కోసం జేబు తడుముకుంటూ.

"లేకపోవుడేంది?"

"సాంచా సప్పుడు మింగింది. పదేండ్లప్పటి నుంచి మగ్గం కాడ నిలవడె. కుడిది సుత సగమే. నీకెరికలేదా? రెండేండ్లసంది పక్కన నిలవడ్తివి."

"ఎవలు చెప్పలే."

"చెప్పుటానికేమున్నది? సిరిసిల్లల చెవులున్నోడెవడు? నీ అసొంటి బయటోళ్లకే ఉంటయ్" అని నవ్వాడు. "పెదవులు సూసి పట్టుకుంటడు. అందుకే నువ్వంటే ఇష్టపడ్తడు, నువ్వు మెల్లగ మాట్లాడినా పెదవులు సక్కగ కదుపుతవు, సిస్టర్ల కాడ చదివినవు గద. పెట్టెలు దెచ్చింది సుత అందుకే. గవైతె కాళ్లకెల్లి ఇనవడ్తయట."

ఆ తర్వాత ఏదో అన్నాడు. నేను వినలేదు.

నా చోటు అందుకు చూపించాడు. తల అందుకు వంచాడు. ముఖంలోకి అందుకు చూశాడు. రెండేళ్లు. ఒక్కొక్కటీ తీసి చూశాను, రుద్రంగి నుంచి వేములవాడ దాకా. ఏదీ నాది కాదు. నా బెంజోది, నా పెదవులది.

వేములవాడ దగ్గర చాయ్‌కి ఆగాం. వేణు నా దగ్గరికి వచ్చాడు. కుడి పక్క నాకు ఇచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ అలాగే నిలబడతాడని ఇప్పుడు తెలిసింది.

"ఇయ్యాల నువ్వు రాకుంటే పాట పోతుండె" అన్నాడు. "ఆ వంతు తీసుడు తప్పయింది. ప్రేమ్‌సాగర్ సుత అన్నడు. నువ్వు అప్పుడు వద్దనకపోతివి?"

"మీరు వింటరనుకోలే" అన్నాను.

పెదవులు చూశాడు. "నువ్వు చెప్పితె ఎందుకు ఇనను?" అన్నాడు.

11 అక్టోబర్, మంగళవారం

అద్దం కదులుతోంది. కరెంటు మధ్యాహ్నం దాకా ఉంటుందట.

బెంజో ప్రేమ్‌సాగర్‌కు ఇచ్చాను. నాన్న తానే బొక్క ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. "గీడ పెట్టు పిలగా. గీడ పెడితె తీగ మాట సక్కగ అందుకుంటది." ఇద్దరూ గంటసేపు దాని మీద తలలు వంచుకుని కూర్చున్నారు.

సిస్టర్ మళ్లీ ఫోన్ చేశారు. ఇంకా మాట చెప్పలేదు. ఆదివారం చెప్తానన్నాను.

సాయంత్రం రిహార్సల్ ఉంది. నేను కొంచెం ముందు వెళ్తాను. ఎదురుగా నిలబడి మాట్లాడాలి, వెలుతురులో, తల దించకుండా. రేపు అనుకుంటే రేపు కూడా ఇలాగే రాసుకుంటూ కూర్చుంటాను.

జగిత్యాల నుంచి వచ్చిన ఆ చివరి బస్సులో, వేములవాడ దాటాక, మీరంటే నాకు ఇష్టమని వేణుకు చెప్పాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను ఆయన ఎడమ పక్కన కూర్చున్నాను.